పట్టపగలు పారబోసే కరెంటులో మాకూ వాటా ఇవ్వండి: విద్యుత్ అధికారులకు ఒక ఐసు ఫ్యాక్టరీ యజమాని బహిరంగ లేఖ

విద్యుత్ నియంత్రణ మండలి గౌరవ సభ్యులకు, ఇంధన శాఖ ఉన్నతాధికారులకు, డిస్కంల (విద్యుత్ పంపిణీ సంస్థల) పెద్దలకు నమస్కారం.

పశ్చిమ గోదావరి జిల్లాలో రొయ్యల చెరువుల మధ్య నాకు పదిహేను టన్నుల ఐసు ఫ్యాక్టరీ ఉంది. పగటి కరెంటుకు వేరే రేటు ఇమ్మని మా పరిధిలోని కార్యాలయానికి రాతపూర్వకంగా అడిగాను. బహిరంగ విచారణకూ నా అభ్యర్థన పంపాను. అందినట్టు రసీదు వచ్చింది, జవాబు మాత్రం రాలేదు. నా ఒక్కడి బిల్లు సంగతే అయితే మళ్లీ ఇంకో దరఖాస్తు పెట్టుకుని ఊరుకునేవాణ్ణి. కానీ ప్రపంచమంతటా కరెంటు ధర, దాంతోపాటు వ్యాపారాల తీరు మారిపోతున్నాయి. ఆ మార్పులో మాలాంటి చిన్నవాళ్లకు చోటు ఉంటుందా ఉండదా అన్నది మీరు రాసే టారిఫ్ ఉత్తర్వుల మీదే ఆధారపడి ఉంది. అందుకే నలుగురూ చదివేలా రాస్తున్నాను.

ముందు జరిగింది చెప్తాను. 2015 నవంబరులో కర్నూలు జిల్లా గని సోలార్ పార్కు వేలంలో యూనిట్ రూ.4.63 పలికితే ఇంత తక్కువకు ఎలా గిట్టుబాటవుతుందని దేశమంతా ముక్కున వేలేసుకుంది. ఏడాదిన్నర తిరక్కుండానే, 2017 ఏప్రిల్‌లో, కడప పార్కులో అది రూ.3.15కి దిగింది. మరుసటి నెల రాజస్థాన్‌లోని భాడ్లాలో రూ.2.44 అయింది. 2020 డిసెంబరులో గుజరాత్ వేలంలో రూ.1.99 దాకా వెళ్లింది. ఆ తర్వాత రేట్లు కాస్త పైకి వచ్చినా పాత రోజులకు మాత్రం పోలేదు. ఇప్పుడు పవర్ ఎక్స్ఛేంజ్‌లో, అంటే కరెంటు టోకున కొని అమ్మే మార్కెట్‌లో, యూనిట్ గరిష్ఠ ధర రూ.10. వేసవి సాయంత్రాల్లో, రాత్రుళ్లలో ధర ఆ గరిష్ఠాన్ని తాకిన సందర్భాలున్నాయి. అదే ఎక్స్ఛేంజ్‌లో 2025 మేలో పట్టపగలు కొన్ని గంటలపాటు ధర సున్నా దరిదాపులకు పడిపోయింది. రాజస్థాన్‌లో లైన్లు చాలక సోలార్ ప్లాంట్లను మధ్యాహ్నం తగ్గించి నడపమన్నారు. పత్తికొండలో ధర పడిపోయిన రోజు టమాటాలు రోడ్డు మీద పారబోసినట్టు, ఎండ మండే వేళ కరెంటును పారబోస్తున్నాం.

నా మీటరుకు మాత్రం మధ్యాహ్నం ఒంటిగంట యూనిట్, రాత్రి ఎనిమిదింటి యూనిట్ ఒకే ధర.

ఈ వింత మన ఒక్కరిదే కాదు. జర్మనీలో 2024లో 457 గంటలపాటు టోకు కరెంటు ధర సున్నా కంటే కిందికి పోయింది, అంటే అమ్మేవాడే ఎదురు డబ్బు ఇచ్చాడన్నమాట. ఇళ్ల కప్పుల మీద ప్యానెళ్లు కిక్కిరిసిన ఆస్ట్రేలియాలో, 2026 జూలై నుంచి కొన్ని రాష్ట్రాల్లో రోజూ మధ్యాహ్నం కనీసం మూడు గంటలు ఇళ్లకు ఉచిత కరెంటు ఇచ్చే పథకాన్ని అక్కడి ప్రభుత్వం ప్రకటించింది. కప్పు మీద ప్యానెల్ లేనివాళ్లకూ, అద్దె ఇంట్లో ఉన్నవాళ్లకూ అది వర్తిస్తుంది. ఆ ఒక్క ముక్క దగ్గర మీరు కాసేపు ఆగాలని నా కోరిక.

చౌక కరెంటు వస్తే లోకం ఎలా మారుతుందో పెద్ద పెద్ద సదస్సుల్లో చాలామంది చెప్తున్నారు. కింద నుంచి చూసేవాడికి అది ఎలా కనిపిస్తుందో అంశాలవారీగా మనవి చేస్తాను.

1. కరెంటు ఎప్పుడు చౌక అన్నదే ఇకమీద ఏ పరిశ్రమ నిలుస్తుందో తేలుస్తుంది. ఇన్నాళ్లూ కరెంటు ఎక్కడ చౌకో అక్కడికి ఫ్యాక్టరీలు వెళ్లేవి. కిలో అల్యూమినియం తీయడానికి సుమారు 14 యూనిట్లు కావాలి. అందుకే జలవిద్యుత్తు, భూమి లోపలి వేడితో తీసే విద్యుత్తు పుష్కలంగా ఉన్న ఐస్‌లాండ్‌కు ఖనిజం ఓడల్లో తరలివెళ్తుంది. అయితే అల్యూమినియం కొలిమికి కొన్ని గంటలు కరెంటు ఆగితే లోపలి లోహం గడ్డకట్టి కొలిమే పాడైపోతుంది. దానికి ఇరవై నాలుగు గంటలూ కరెంటు కావాల్సిందే. ఐసు సంగతి అలా కాదు. ఉప్పునీటి తొట్టెలో డబ్బాలు దించి, అమ్మోనియా కంప్రెసర్‌తో ఆ నీటిని సున్నాకు ఎనిమిది, పది డిగ్రీల కిందికి దించుతాం. సాయంత్రం ఆరింటికి కంప్రెసర్ ఆపి రాత్రి పదికి వేసినా గడ్డకట్టడం నెమ్మదిస్తుందే తప్ప కట్టిన దిమ్మ చెడిపోదు. తీసిన దిమ్మల్ని ఊక పరిచి గోదాములో పేరిస్తే మర్నాటి పట్టుబడికి పనికొస్తాయి. మీరు వేల కోట్లు పెట్టి బ్యాటరీలు కొంటున్నారు. ఈ డెల్టాలోనూ, కాకినాడ, విశాఖ, నిజాంపట్నం రేవుల దగ్గరా ఉన్న ఐసు ఫ్యాక్టరీలు, శీతల గిడ్డంగులు అన్నీ ఒకరకంగా మీ బ్యాటరీలే. పైగా వాటిని మా డబ్బుతో కట్టుకున్నాం. మీరు చేయాల్సిందల్లా ధర ద్వారా మాకు కబురు పెట్టడం.

ఒక చిక్కు ఉంది, దాచను. రోజంతా చేసే ఐసును ఎనిమిది గంటల్లో చేయాలంటే కంప్రెసర్ పెద్దది కావాలి, డబ్బాలు ఎక్కువ కావాలి. మిగతా పదహారు గంటలు ఆ యంత్రం ఊరికే నిలబడి ఉంటుంది. దానికి బ్యాంకు అప్పు తీసుకోవాలంటే పగటి రేటు ఏడేళ్లయినా ఇలాగే ఉంటుందన్న ధీమా కావాలి. సోలార్ కంపెనీలకు పాతికేళ్ల ఒప్పందం రాసిస్తారు. మాకు రేటు ఏటేటా మారుతుంది, మధ్యలో సర్దుబాటు చార్జీలు, ట్రూ అప్ బకాయిలు (డిస్కంల పాత ఖర్చుల తేడాను తర్వాత మా దగ్గర వసూలు చేసేవి) వేరు. ఎండకు ఎవరూ ధర కట్టరు, సోలార్ కరెంటు ఖర్చులో పెద్ద భాగం పెట్టుబడి, దాని మీద వడ్డీ. ఆఫ్రికా దేశాల్లో ఎండ మనకంటే తక్కువేమీ కాదు. కానీ అప్పు మీద వడ్డీ ఎక్కువ కాబట్టి అదే ప్యానెల్ నుంచి వచ్చే యూనిట్ అక్కడ ఖరీదవుతుంది. చిన్న పరిశ్రమకూ పెద్ద కంపెనీకీ మధ్య తేడా కూడా సరిగ్గా అక్కడే ఉంది.

2. పెద్దవాడు తప్పుకుంటాడు, ఖర్చు చిన్నవాడి నెత్తిన పడుతుంది. ఇది ఊహించి రాస్తున్నది కాదు. పాకిస్తాన్‌లో కరెంటు రేట్లు మండిపోయి, చైనా ప్యానెళ్లు కారుచౌక అయ్యాక, 2024 ఒక్క ఏడాదిలోనే సుమారు 17 గిగావాట్ల ప్యానెళ్లు దిగుమతి అయ్యాయి. మేడలున్నవాళ్లు, మిల్లులున్నవాళ్లు పగలు గ్రిడ్ నుంచి కొనడం తగ్గించేశారు. పాత థర్మల్ ప్లాంట్లకు, కరెంటు కొన్నా కొనకపోయినా కట్టాల్సిన స్థిర చార్జీలు మాత్రం తగ్గలేదు. ఆ భారం ప్యానెల్ పెట్టుకోలేని కూలీ ఇంటి మీద, చిన్న కొట్టు మీద పడింది.

మన దగ్గర దారి వేరైనా చేరే చోటు అదే అయ్యేలా ఉంది. 2022 గ్రీన్ ఓపెన్ యాక్సెస్ నిబంధనల ప్రకారం 100 కిలోవాట్లకు తగ్గని వినియోగదారు తనకు కావలసిన పునరుత్పాదక విద్యుత్తును నేరుగా కొనుక్కోవచ్చు. అంతకుముందు ఆ హద్దు ఒక మెగావాట్, తగ్గించడం మంచిదే. కానీ నా లోడు డెబ్బై అయిదు కిలోవాట్లకు లోపు. పీఎం సూర్యఘర్ పథకం కింద మూడు కిలోవాట్ల ప్యానెళ్లకు రూ.78,000 సబ్సిడీ ఉంది, అది సొంత కప్పున్న ఇళ్లకు. అటు పెద్ద పరిశ్రమకు ఓపెన్ యాక్సెస్, ఇటు సొంతిల్లు ఉన్నవాడికి ప్యానెల్. మధ్యలో రైస్ మిల్లు, పిండిమర, వెల్డింగ్ షాపు, జెరాక్స్ సెంటరు, అద్దె ఇల్లు: వీళ్లంతా మిగిలిపోయి, గ్రిడ్ ఖర్చు మోసేవాళ్లయ్యారు. కరెంటు చార్జీలు జనానికి చిన్న విషయమని ఎవరైనా అనుకుంటే 2000 ఆగస్టు 28న హైదరాబాద్ బషీర్‌బాగ్‌లో చార్జీల పెంపు మీద నిరసన చేసినవాళ్లపై జరిగిన పోలీసు కాల్పుల్ని గుర్తు తెచ్చుకోవాలి. ఆ రోజు ముగ్గురు ప్రాణాలు పోయాయి.

3. ఇప్పుడు ఎరువు, అమ్మోనియా సంగతి. నా గొట్టాల్లో తిరిగే గ్యాసూ, వరి చేలో చల్లే యూరియాకు మూలమూ ఒకటే, అమ్మోనియా. ఇప్పటిదాకా అది ఎక్కువగా సహజవాయువు నుంచి వస్తోంది. 2022లో ఉక్రెయిన్ యుద్ధంతో గ్యాసు ధర ఎగబాకినప్పుడు యూరప్‌లో ఎరువుల కర్మాగారాలు మూతపడ్డాయి. మన కేంద్ర ప్రభుత్వం 2022-23లో ఎరువుల సబ్సిడీకే దాదాపు రెండున్నర లక్షల కోట్లు పెట్టింది. రైతు 45 కిలోల యూరియా బస్తాను రూ.266.50కే కొంటున్నాడంటే దాని వెనక అంత సొమ్ము ఉంది. చౌక సోలార్ కరెంటుతో నీటి నుంచి హైడ్రోజన్ తీసి అమ్మోనియా చేయగలిగితే ఆ కథే మారుతుంది. కాకినాడలో ఏడాదికి పది లక్షల టన్నుల గ్రీన్ అమ్మోనియా ప్లాంటు తలపెట్టారు. సంతోషమే. అయితే దాని చూపు ప్రధానంగా ఎగుమతి మీద ఉంది. మన ఎండ, మన నీళ్లు, రాయలసీమ భూములు వాడి చేసిన అమ్మోనియా ఓడెక్కి యూరప్ వెళ్తుంటే, మన యూరియా దిగుమతి గ్యాసు మీదే ఆధారపడి ఉండటం ఎవరి లెక్క? ఇందులో ఎంత భాగం మన పొలాలకు అన్న ప్రశ్న ఒప్పందాల దశలోనే అడగాలి.

విశాఖకు వస్తున్న డేటా సెంటర్ల గురించీ అంతే. 2025 అక్టోబరులో గూగుల్ అయిదేళ్లలో 1,500 కోట్ల డాలర్ల పెట్టుబడి, ఒక గిగావాట్ సామర్థ్యం ప్రకటించింది. ఒక గిగావాట్ అంటే గంటకు పది లక్షల యూనిట్లు. టన్ను ఐసుకు నాకు సుమారు అరవై యూనిట్లు పడుతుంది, లెక్క వేసి చూస్తే కళ్లు తిరిగాయి: ఆ ఒక్క గంట కరెంటుతో పదహారు వేల టన్నుల ఐసు చేయొచ్చు! రావద్దని అనను. వాళ్లకు ఏ రేటు, మాకు ఏ రేటు, తేడా ఎందుకు, ఇవి మాత్రం బయట పెట్టాలి.

4. చౌక అయితే వాడకం పెరుగుతుంది, ఆ వాడకం ఇంకోదాన్ని తినేస్తుంది. ఈ పాఠం కోసం మనం విదేశాలు పోనక్కర్లేదు. 2004 మే 14న ముఖ్యమంత్రిగా ప్రమాణం చేసిన రోజే రాజశేఖరరెడ్డి గారు వ్యవసాయానికి ఉచిత విద్యుత్ దస్త్రం మీద సంతకం పెట్టారు. అది రైతును నిలబెట్టింది, అందులో అనుమానం లేదు. దాంతోపాటే అనంతపురం జిల్లాలో బోర్లు వెయ్యి అడుగులకు దిగాయి. కరెంటు ఖర్చు లేనప్పుడు నీరు ఎంత లోతున ఉన్నా తోడటానికి అడ్డేముంది? పీఎం కుసుమ్ పథకంలో వచ్చే సోలార్ పంపులకూ ఇదే వర్తిస్తుంది. పంపు ఇచ్చి, మిగిలిన కరెంటును గ్రిడ్‌కు అమ్ముకునే వీలు కల్పిస్తే రైతు నీళ్లు తోడటం ఆపి కరెంటు అమ్ముకోవడానికి ఒక కారణం ఉంటుంది. ఆ వీలు లేకపోతే నీళ్లే తోడతాడు.

మెచ్చుకోవలసింది కూడా చెప్పాలి. సేద్యానికి తొమ్మిది గంటలు పగటిపూటే ఇస్తామన్న నిర్ణయం మంచిది. అర్ధరాత్రి టార్చిలైటు పట్టుకుని మోటారు వేయడానికి వెళ్లి పాము కరిచో, షాక్ కొట్టో పోయిన రైతులు ప్రతి ఊళ్లోనూ ఉన్నారు. పగటి కరెంటు విలువ ఏమిటో ఆ ఇళ్లకు తెలుసు. అదే తర్కాన్ని పరిశ్రమలకు ఎందుకు వాడరన్నదే నా ప్రశ్న.

5. రాత్రి మాత్రం కరెంటు చౌక కాదు, దాన్ని దాచిపెట్టి లాభం లేదు. రొయ్యల చెరువుకు అసలు గండం తెల్లవారుజామున. నీళ్లలో ఆక్సిజన్ పడిపోయేది అప్పుడే. నీళ్లలో గాలి కలిపే ఏరియేటర్లు అరగంట ఆగితే రొయ్యలు గట్టు అంచుకు తేలి వస్తాయి, జనరేటర్ వెంటనే అందుకోకపోతే మూడు నెలల కష్టం పొద్దుటికి పోతుంది. ఆక్వా జోన్ రైతులకు యూనిట్ రూపాయిన్నరకే ఇస్తున్నారు, ఆ తేడా ప్రభుత్వం భరిస్తోంది. మనతో పోటీపడే ఈక్వెడార్‌లో 2024లో కరువొచ్చి జలాశయాలు అడుగంటితే రోజుకు 14 గంటల దాకా కోత పెట్టారు, కాబట్టి కరెంటు నమ్మకం కూడా రొయ్య ధరలో భాగమే. పగటి సోలార్‌ను రాత్రికి మోసుకెళ్లే దారులు రెండున్నాయి. ఒకటి నంద్యాల జిల్లా పిన్నాపురం లాంటి పంప్డ్ స్టోరేజీ, పగలు నీటిని పైకి తోడి సాయంత్రం కిందికి వదలడం. అందులో నాలుగో వంతు దాకా విద్యుత్తు దారిలోనే పోతుంది, అయినా మేలే. రెండోది బ్యాటరీలు. వాటి వేలంలో మెగావాట్‌కు నెల అద్దె 2022లో రూ.10.8 లక్షలు పలికింది, 2024 చివరికి రాజస్థాన్‌లో రూ.2.2 లక్షలకు దిగింది. ఇంత వేగంగా ధర పడుతున్నప్పుడు పాత రేటుకు పాతికేళ్ల థర్మల్ ఒప్పందాలు కొత్తగా రాసుకుంటే రేపు ఆ స్థిర చార్జీలు కట్టేది మళ్లీ మేమే.

6. నష్టపోయేవాళ్లు కూడా మనవాళ్లే. సింగరేణిలో ఒకప్పుడు లక్షకు పైగా కార్మికులుండేవారు, ఇప్పుడు నలభై వేల దరిదాపుల్లో ఉన్నారు. సోలార్ రాకముందే, యంత్రాలతో, ఓపెన్ కాస్ట్ గనులతోనే అంత తగ్గింది. భూగర్భ గనులు మూతపడ్డాక బెల్లంపల్లి బజారు ఎలా ఉందో వెళ్లి చూడండి. ఇటు మా గోదావరి జిల్లాల నుంచి కువైట్ ఇళ్లల్లో పనికి వెళ్లిన ఆడవాళ్ల జీతం ఆ దేశపు చమురు డబ్బులోంచే వస్తుంది. అక్కడ ప్రభుత్వ ఆదాయంలో చాలా భాగం చమురే. చమురు గిరాకీ తగ్గితే ఆ మనియార్డరు తగ్గుతుంది. పిల్లల ఫీజులు, ఇంటి అప్పులు దాని మీదే నడుస్తున్నాయి. 160 గిగావాట్లు, పది లక్షల కోట్ల పెట్టుబడి, ఏడున్నర లక్షల ఉద్యోగాలు అని మన రాష్ట్ర 2024 క్లీన్ ఎనర్జీ పాలసీలో రాశారు. సోలార్ పార్కు కట్టేటప్పుడు పని ఉంటుంది, కట్టడం అయ్యాక ప్యానెళ్లు కడగడం, కాపలా మాత్రమే మిగులుతాయి. ఆ ఏడున్నర లక్షలు కరెంటు తయారుచేసేచోట కంటే కరెంటు వాడేచోట వస్తాయని నేను నమ్ముతున్నాను. వాడేచోటంటే మాలాంటి షెడ్లే.

ఇక మా విన్నపాలు.

ఒకటి: 2023లో కేంద్రం సవరించిన వినియోగదారుల హక్కుల నిబంధనల ప్రకారం సోలార్ గంటల్లో (పగలు ఎండ ఉండే వేళ) టారిఫ్ మామూలు రేటు కంటే కనీసం 20 శాతం తక్కువ ఉండాలి. పది కిలోవాట్లు దాటిన వాణిజ్య, పారిశ్రామిక వినియోగదారులకు 2024 ఏప్రిల్ 1 లోగా, వ్యవసాయం మినహా మిగతా వారికి 2025 ఏప్రిల్ 1 లోగా అన్నారు. దాన్ని ఎల్‌టీ (తక్కువ వోల్టేజీ) చిన్న పరిశ్రమలన్నిటికీ పూర్తిగా అమలు చేయండి. నా లెక్క చెప్తాను: నెలకు ఇరవై రెండు వేల యూనిట్లు, లక్షన్నర బిల్లు. అందులో మూడింట రెండొంతులు పగటికి మార్చగలిగితే నెలకు సుమారు ఇరవై వేలు మిగులుతుంది. టన్ను మీద యాభై రూపాయలు తగ్గించి ఇవ్వగలను. పెద్ద మొత్తమేమీ కాదు, కానీ ఇవాళ మా వ్యాపారంలో టన్నుకు మిగిలేది కూడా పెద్ద మొత్తం కాదు.

రెండు: ఆ పగటి రేటుకు కనీసం ఏడేళ్ల హామీ ఇవ్వండి. బ్యాంకు మేనేజరు ముందు పెట్టడానికి మా దగ్గర ఒక కాగితం ఉండాలి.

మూడు: తగ్గింపు ముందు, పెంపు తర్వాత. ఏ గంటలో ఎంత వాడామో లెక్కగట్టే స్మార్ట్ మీటరు పేరెత్తితే జనం భయపడుతున్నారంటే, సాయంత్రం రేటు పెంచడానికే అది అన్న అనుమానం వల్ల. నెలకు 200 యూనిట్ల లోపు వాడే ఇళ్లకు సాయంత్రం అదనపు రేటు వేయబోమని ఉత్తర్వులోనే రాయండి. కూలికి పోయి ఆరింటికి ఇల్లు చేరే మనిషి వాడకాన్ని మధ్యాహ్నానికి మార్చుకోలేదు.

నాలుగు: ఒకే ఫీడరు (కరెంటు సరఫరా లైను) మీదున్న చిన్న పరిశ్రమలు, యజమానులు వేరువేరైనా సరే, కలిసి 100 కిలోవాట్లు దాటితే ఉమ్మడిగా గ్రీన్ ఓపెన్ యాక్సెస్ తీసుకునే వీలు కల్పించాలని కేంద్రానికి సిఫారసు చేయండి.

అయిదు: ఏ గంటలో ఎంత కరెంటు, ఏ ధరకు కొన్నారో, ఎంత సోలార్‌ను నిలిపేయమన్నారో ప్రతి నెలా తెలుగులో ప్రకటించండి. సర్దుబాటు చార్జీ ఎందుకు వచ్చిందో అప్పుడు మాకే అర్థమవుతుంది.

ఆరు: సోలార్ పార్కుల కింద పోయే డి.పట్టా భూముల్లో (ప్రభుత్వం పేదలకు ఇచ్చినవి) కాగితం లేకపోయినా సాగులో ఉన్న రైతుకూ, అక్కడి కూలీకీ పరిహారంలో వాటా ఉండాలి. ఇది మీ ఒక్క శాఖ పని కాదని తెలుసు. కానీ ఒప్పందం మీద సంతకం మీది.

వచ్చే టారిఫ్ విచారణకు నా బిల్లులు, కంప్రెసర్ నడిచిన గంటల రిజిస్టరు తీసుకుని వస్తాను. మా చుట్టుపక్కల ఫ్యాక్టరీల వాళ్లూ వస్తామన్నారు. మేమడిగిన వాటిలో ఏది కుదరదో, ఏ నిబంధన అడ్డమో, ఆ విచారణ లోపు రాతపూర్వకంగా తెలియజేయగలరని కోరుతున్నాను.

ఇట్లు,
ఒక ఐసు ఫ్యాక్టరీ యజమాని,
పశ్చిమ గోదావరి జిల్లా